నా గుర్రం మీద వదిన చెయ్యి

మా నడిమింట్లో నేలే చదరంగం బల్ల. ఒక గడి నల్లటి కడప బండ, పక్క గడి లేత పసుపు నాపరాయి, మళ్ళీ నలుపు, మళ్ళీ పసుపు. మాది బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే ఇల్లు కాబట్టి రాయికి కొదవ లేదు. కూతురి ముచ్చట కోసం మా మామగారు దగ్గరుండి పరిపించారట. నేను కాపురానికి వచ్చేసరికి ఆయన లేరు. ఆ నేల ఉంది, దాని పక్కన కాళ్ళు మడుచుకుని కూర్చున్న మా వదిన ఉంది. వదిన అంటే నా భర్తకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఆ ఇంట్లో ఎవరూ అడగరు, నేనూ అడగలేదు. ఫ్యాక్టరీలో బండలను రంగు చూసి, ఏ రాయి ఏ వరసలోకి పోవాలో ఏరి పెట్టేది ఆమే.

ఆ గదిలో సోఫా వేయనివ్వరు. కొత్తలో నాకు దానిమీద మహా కోపంగా ఉండేది. పుట్టింటివాళ్ళు వస్తే గోడవారగా వరసగా కూర్చోబెట్టాలి, మధ్యలో గడులను ఖాళీగా వదలాలి, అందరూ పెళ్ళిచూపులకు వచ్చినట్టు ఒకరి ముఖాలొకరు చూసుకోవాలి. ఇప్పుడు ఎవరైనా చెప్పుల కాళ్ళతో ఆ గడులు తొక్కితే ముందు ఒళ్ళు మండేది నాకే.

మా వీధి క్వారీల నుంచి వచ్చే లారీల దారి. బండలు నింపుకున్న లారీ పోతే ఇల్లంతా సన్నగా వణుకుతుంది. చెంబులో నీళ్ళు కదులుతాయి, దేవుడి పటం గోడకు కొట్టుకుంటుంది, నున్నటి నేల మీద పావులు వాటంతటవే జరుగుతాయి. గుర్రం పోయి గీత మీద నిలబడుతుంది. ఏనుగు పక్కింట్లోకి తొంగిచూస్తుంది. అందువల్ల మా ఇంట్లో ఒక అలవాటు పుట్టింది. లారీ పోగానే ఎవరి చెయ్యి దగ్గరగా ఉంటే వాళ్ళు పావులను మళ్ళీ గడి మధ్యకు సర్దుతారు. నాదా నీదా అని చూడరు. ఆడేవాళ్ళ సంగతి సరే, అటుగా పోయే నా భర్త కూడా వంగి ఒక బంటును సర్ది తన దారిన తను పోతాడు. అది ఆటలో లెక్కకు రాదు. గాలికి తలుపు కొట్టుకుంటే మూస్తాం చూడండి, అంతే.

నాది ఆలూరు. మా వైపు బండల మీద బొగ్గుతో గీసుకుని పులిజూదం ఆడతారు. చదరంగం చదువుకున్నవాళ్ళ ఆట అనుకునేదాన్ని. కాపురానికి వచ్చిన ఎండాకాలం, ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, వదిన నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమంది. గుర్రం ఎట్లా దూకుతుందో చూపించింది. నేను డబ్బుల్ని దుడ్లు అన్నానంటే చాలు, ఆ ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. నవ్వకుండా నాకేదైనా నేర్పింది ఆమె ఒక్కతే.

ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు తలుచుకుంటే అన్నీ కలిసి ఒక్కటే పొడుగాటి మధ్యాహ్నంలా అనిపిస్తాయి. పెరటి అవతల కోత యంత్రం ఒకే శ్రుతిలో మోగేది. రాయి మీద నీళ్ళు పడుతూనే ఉండేవి. కిటికీ రెక్కల సందులోంచి వచ్చిన ఎండ నున్నటి నేల మీద పడి, పైకప్పుకు ఎగబాకి, అక్కడ మెల్లగా కదిలేది. నేను బంటు జరపబోయి ఆ వెలుగును చూస్తూ ఉండిపోయేదాన్ని. ఎంతసేపో తెలియదు. వదిన తొందరపెట్టేది కాదు. ఆమె ఆలోచనలో పడితే కళ్ళు సగం మూసుకుపోతాయి, కింది పెదవి లోపలికి పోతుంది, ఇక మనిషి అక్కడ ఉండదు. పిలిచినా పలకదు. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగి మాడి ఇల్లంతా వాసన కొడుతుంటే, అది ఎవరింట్లోదో అనుకుని ఇద్దరమూ కూర్చునే ఉన్నాం. అత్తగారు వచ్చి ఇద్దరినీ కలిపి తిట్టారు. ఆ తిట్లలో నాకూ సమానంగా వాటా దొరికేసరికి, ఆ రోజు నేను ఆ ఇంటి మనిషినయ్యానని ఎంత సంతోషపడ్డానో.

వదిన చుట్టాల పిల్లలతో ఆడితే కావాలనే ఓడిపోయేది. సరదాకు కూర్చున్న పెద్దవాళ్ళతో ఆడినా మర్యాదకు మంత్రిని వదిలేసి, బాగా ఆడినారని చెప్పి కాఫీ ఇచ్చి పంపేది. నాతో మాత్రం అట్లా కాదు. ముట్టుకుంటే ఆడాల్సిందే. లారీ పోయినప్పుడు సర్దడం వేరు. ఆడాలని చెయ్యి చాపి పావును తాకాక, అయ్యో ఇది కాదు అంటే వినదు. జ్వరంతో ఉన్నా ఓడించింది, కడుపుతో ఉన్నా ఓడించింది, నా పుట్టినరోజున పాయసం చేసిపెట్టి మరీ ఓడించింది. నా భర్త జాలిపడి, ఒక్కసారి వదిలెయ్ అక్కా అంటే, నువ్వు పోయి లోడు చూసుకో అనేది.

తర్వాత తర్వాత నేనూ టోర్నమెంట్లకు పోయాను. రేటింగ్ తెచ్చుకున్నాను. వదినకు అంతకు చాలా ముందే ఉంది. ఒకసారి నంద్యాలలో నాకంటే పెద్ద రేటింగ్ ఉన్న ఒక బ్యాంకు ఆఫీసరును ఓడించి, ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఆ సంగతి చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

“నన్ను గెల్చినాక చెప్పు అమ్మీ, ఆట వచ్చిందని.”

ఆ మాట నన్ను వదల్లేదు. కప్పులు నాకు అక్కర్లేదు, రేటింగ్ పెరిగినా తరిగినా నిద్ర చెడలేదు. వదినను ఒక్కసారి ఓడించాలి, అదీ ఆమె పూర్తి బలంతో ఆడుతుండగా ఓడించాలి. పిల్లలు కాలేజీలకు వచ్చినా ఆ ఒక్క కోరిక తీరలేదు. ఈ మాట బయట చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. వదినకు తెలుసు.

మొన్నటి వేసవి సెలవుల్లో కర్నూలులో టోర్నమెంటు పెట్టారు. నేను బడిపంతులమ్మను కాబట్టి నాకు సెలవులే. ఇద్దరం పొద్దున్నే బస్సెక్కాం. బస్సులో బల్ల లేకుండా నోటితోనే ఆడుకోవడం మాకు అలవాటు. గుర్రం దిగింది అని నేనంటే, ఏనుగు అడ్డం వచ్చింది అని ఆమె అంటుంది. ముందు సీట్లో ముసలమ్మ చాలాసేపు విని, మీకు అన్ని జంతువులు యాడుండాయమ్మా, మేతకు ఏం చేస్తారీ ఎండల్లో అని అడిగింది. వదిన నవ్వకుండా, అవి మేత మేయవని చెప్పింది. రోడ్డుకు రెండువైపులా పేర్చిన బండలు, వాటి మధ్య ఆరిన తెల్లటి రాతిబురద, ముళ్ళచెట్లు వెనక్కి పోతూ ఉన్నాయి. డోన్ దాటకముందే నేను ఓడిపోయాను.

టోర్నమెంటు తుంగభద్ర ఒడ్డున ఒక కల్యాణ మండపంలో. వెనక కిటికీల్లోంచి చూస్తే ఏటి ఇసుక, ఇసుక మధ్య సన్నటి నీటిపాయ. ముందువైపు రోడ్డు. టోర్నమెంట్లలో మేమిద్దరం అంతకుముందు ఎప్పుడూ ఎదురుపడలేదు. పాయింట్లు సమానంగా ఉన్నవాళ్ళను జతకలుపుతారు. వదిన ఎప్పుడూ ముందు బల్లల దగ్గర ఉండేది, నేను గోడవార బల్లల దగ్గర. ఈసారి నా గ్రహాలు బాగున్నాయి, ఆమెకు ఒక ఆట చేజారింది. రెండో రోజు మధ్యాహ్నం చివరి రౌండుకు గోడమీద అంటించిన జాబితాలో ఆమె పేరుకు ఎదురుగా నా పేరు ఉంది. వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాను.

మమ్మల్ని ఎరిగిన ఒక పెద్దాయన మా వెనకే వచ్చి, ఒకింటోళ్ళకు కొట్లాటెందుకమ్మా, డ్రా చేసుకొని పోయి చల్లగా నిమ్మసోడా తాగండి అన్నాడు. అట్లా చేసుకోవడం కొత్తేమీ కాదు, ఒకే ఊరివాళ్ళు, ఒకే గురువు దగ్గర నేర్చుకున్నవాళ్ళు చేసుకుంటూనే ఉంటారు. వదిన కుర్చీ లాక్కుంటూ ఒక్కమాట అంది.

“డ్రా చేసుకునేదానికి కర్నూలు దంకా రావల్లనా?”

గడియారం నొక్కే ముందు చేతులు కలిపాం. ఇన్నేళ్ళలో వదిన చేతిని అట్లా పట్టుకోవడం అదే మొదలు. ఒకింట్లో ఉండేవాళ్ళు చేతులు కలుపుకోరు కదా. రాళ్ళు తిప్పి తిప్పి గట్టిపడిన అరచెయ్యి. ఆమెకు తెల్లపావులు, నాకు నల్లవి.

మొదటి ఎత్తులన్నీ ఇద్దరికీ తెలిసినవే. కొంతసేపటికి హాలు దూరమైపోయింది. పైన పాత ఫ్యాన్లు ఒకే శ్రుతిలో తిరుగుతున్నాయి. వినగా వినగా అది మా కోత యంత్రం మోత అయింది. బల్లమీద పరిచింది ఆకుపచ్చ, తెలుపు గడులున్న ప్లాస్టిక్ పటం, నా కళ్ళకు మాత్రం అది నలుపూ పసుపూగానే కనిపిస్తోంది. ఏటి మీద నుంచి వేడిగాలి వచ్చి కాగితాలు ఎగరేసి పోతోంది. కొందరు ఆట ముగించి లేచిపోతున్నారు. వాళ్ళు ఏ ఊరివాళ్ళో, నేనీ ఊరికి ఎందుకొచ్చానో కూడా గుర్తు లేదు. ఎదురుగా వదిన ఉంది, మధ్యలో గడులున్నాయి, అంతే. మా ఆలూరు బండ మీద పులిజూదంలో మేకలు పులిని కట్టేసే పద్ధతి గుర్తొచ్చింది. మేక ఎగిరి దూకదు. ఒక్కో అడుగే వేసి, పులి కదిలే చోటు తగ్గిస్తుంది. వదిన తెల్లపావులకు చోటు తగ్గుతోందని అప్పుడే గమనించాను.

నా గుర్రాన్ని ఆమె పావుల నడుమకు దించాను. దానికి వెనక నా బంటు ఒకటి కాపలా ఉంది. ఆ గుర్రాన్ని కొట్టగలిగింది ఆమె మంత్రి ఒక్కటే. కొడితే నా బంటు మంత్రిని కొట్టేస్తుంది. పావుల్లో అన్నిటికంటే బలమైన మంత్రిని ఒక గుర్రం కోసం చూస్తూ చూస్తూ ఎవరూ పోగొట్టుకోరు కాబట్టి నా గుర్రానికి భయం లేదు. అయినా ఆట ఎటూ తేలలేదు. నాకు చోటు కాస్త ఎక్కువ, ఆమెకు ఓపిక చాలా ఎక్కువ. ఏమాత్రం ఏమారినా ఎప్పటిలాగే ఓడిపోతాను. దించే తొందరలో గుర్రం గీత మీద వంకరగా నిలబడింది. నేను చూసుకోకుండా గడియారం నొక్కేశాను. వంతు ఆమెకు పోయింది.

టోర్నమెంటులో వంకరగా ఉన్న పావును సర్దాలంటే ముందు నోటితో చెప్పాలి. చెప్పకుండా తన పావును తాకితే దాన్నే ఆడాలి, ఎదుటివాళ్ళ పావును తాకితే, కొట్టడానికి వీలున్నంతవరకు కొట్టి తీరాలి. ఈ రూలు వదినకు నాకంటే బాగా తెలుసు. బయట ఆటల్లో ఆమె సర్దుతాండా అని గట్టిగా చెప్పి, అవతలివాళ్ళు తలూపేదాకా ఆగి అప్పుడు గానీ వేలు పెట్టదు.

ముందు రోడ్డు మీద బరువైన లారీ ఒకటి పోయింది. కిటికీ అద్దాలు సన్నగా మోగాయి. బల్ల వణికింది. వదిన కళ్ళు సగం మూతపడి ఉన్నాయి, కింది పెదవి లోపలికి పోయి ఉంది. ఆమె కుడిచెయ్యి ఒడిలోంచి లేచి, ఏ తొందరా లేకుండా వచ్చి, నా గుర్రాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని గడి మధ్యకు జరిపింది. దాని ముఖం ఎటు ఉండాలో అటు తిప్పింది కూడా.

నాకు మొదట ఏమీ అనిపించలేదు. రోజూ చూసేదే కదా. తర్వాత రూలు గుర్తొచ్చింది.

వదిన కళ్ళు తెరిచింది. తన చేతిని చూసుకుంది, తర్వాత చుట్టూ హాలును చూసింది. తీర్పు చెప్పే ఆర్బిటర్ అటు చివర ఏదో బల్ల దగ్గర వంగి ఉన్నాడు. పక్కవాళ్ళు వాళ్ళ ఆటలో వాళ్ళున్నారు. ఆమె తాకడం చూసింది నేనొక్కదాన్నే. ఆమె చెయ్యి ఇంకా గుర్రం మీదే ఉంది.

నేను చెయ్యెత్తి ఆర్బిటర్‌ను పిలిస్తే చాలు. ఆమె మంత్రి పోతుంది, ఆట నా వైపు తిరుగుతుంది. ఎన్ని మధ్యాహ్నాలు దీనికోసం కూర్చున్నానో. కానీ ఆమె తాకింది ఆడటానికి కాదని నాకు తెలుసు. ఇంట్లో లారీ పోయినప్పుడు సర్దినట్టు సర్దింది. ఇట్లాంటి గెలుపు తీసుకుని ఇంటికెళ్ళి ఆమె వండిన అన్నం ఎట్లా తింటాను? గొంతు బాగా తగ్గించి చెప్పాను.

“వద్దులే వదినా. నువ్వు సర్దినావు, అంతే. తియ్యి చెయ్యి.”

ఆమె నావైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది. వదినకు నామీద కోపం రావడం నేనెప్పుడూ ఎరగను.

“ఇన్నేండ్లల్లో నీకు నేను ఒక్కసారన్నా వద్దులే అన్నానా అమ్మీ?”

అని, మంత్రిని తీసి నా గుర్రాన్ని కొట్టింది. గడియారం నొక్కింది. తన స్కోరుషీటు మీద ఆ ఎత్తును అన్ని ఎత్తుల్లాగే నీటుగా రాసుకుంది.

అప్పుడు నాకు సిగ్గేసింది. పిల్లలకూ చుట్టాలకూ మంత్రిని వదిలేసే మనిషి నాకు ఎన్నడూ ఒక్క బంటును కూడా ఊరికే వదల్లేదు. నేను చుట్టాన్ని కాదు గనక. అటువంటి ఆమెను నేను చుట్టంలా కాఫీ ఇచ్చి పంపబోయాను.

నా వంతు. ఆలోచించాల్సింది ఏమీ లేదు, బంటు ఎదురుగా మంత్రి ఉంది. అయినా చెయ్యి లేవలేదు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, నా గడియారంలో అంకెలు తరుగుతూనే ఉన్నాయి. వదిన తొందరపెట్టలేదు. చివరికి కొట్టాను. ఆ పావును బల్ల అంచున పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టాను.

మంత్రి పోయినా ఆమె లొంగలేదు. ఉన్న ఏనుగులను, శకటాలను దగ్గరికి చేర్చి కోట కట్టుకుంది. నా మంత్రి అటూ ఇటూ తిరిగి సందు దొరక్క వెనక్కి వచ్చేది. పావులు చాలావరకు తరిగాక, ఒకచోట ఆమె తనకు మిగిలిన ఏనుగును ఊరికే వదిలేసినట్టు పెట్టింది. నా చెయ్యి సగం దూరం పోయింది. దాన్ని కొడితే ఆమెకు రాజుతో సహా ఏ పావునూ కదపడానికి వీల్లేక ఆట డ్రా అయ్యేది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వదిన పెదవి చివర చిన్న నవ్వు కనిపించింది. ఆ తర్వాత నేను ఒక్క ఎత్తు కూడా తేలిగ్గా ఆడలేదు. ఆమె నాతో ఆడినట్టే నేనూ ఆమెతో దయ లేకుండా ఆడాను. ఏటి ఇసుక మీద ఎండ పసుపు నుంచి ఎరుపుకు తిరిగింది. ఆ వెలుగు కిటికీలోంచి మా బల్ల మీదికి వచ్చి, పావుల నీడలను పొడుగ్గా పరిచింది. ఆ ఆట అట్లా ఎప్పటికీ ముగియకుండా ఉంటే బాగుండునని కూడా ఒక నిమిషం అనిపించింది.

ముగిసింది. వదిన తన రాజును వేళ్ళతో పట్టుకుని, దెబ్బ తగలకుండా పటం మీద పడుకోబెట్టింది. చెయ్యి చాపింది. నేను పట్టుకున్నాను. అప్పుడు ఆమె కాస్త సిగ్గుపడుతూ, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది.

“నువ్వు ఎదురుగా కూచుంటివి కదా. ఇల్లనుకుంటి.”

బయట ఆటల్లో ఎవరి ఎదుటా ఆ పొరపాటు చేయని మనిషి నా ఎదుట ఎందుకు చేసిందో ఆ మాటతో తెలిసింది. నాకు దుఃఖం ఆగలేదు. పంతులమ్మను, నలుగురిలో ఉన్నాను, అయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. గెలిచిన సంతోషం కూడా అందులో ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆర్బిటర్ ఫలితం రాసుకునే కాగితంతో వచ్చాడు. ఏడుస్తున్న నన్ను చూశాడు, నిమ్మళంగా పావులు డబ్బాలో సర్దుకుంటున్న వదినను చూశాడు. ఆటన్నాక ఓటమి మామూలేనమ్మా, వచ్చేసారి గెలుద్దురులే అని నన్ను ఓదార్చి, వదిన పేరు ఎదురుగా గెలుపు రాసేశాడు. వదిన సర్దడం ఆపి, అతని చేతికింద నుంచి కాగితం లాక్కుంది.

“అట్లా కాదు సార్, కొట్టెయ్యండి. నేను ఓడిపోతి. గెల్చింది మా మరదలు.”

ఇంకా ఆడుతున్నవాళ్ళు తలలెత్తి చూశారు. ఆర్బిటర్ పెదవుల మీద వేలు పెట్టి, మెల్లగా మాట్లాడమని సైగ చేశాడు. వదిన వినలేదు. హాలు ఆ చివరిదాకా వినబడేట్టు ఇంకోసారి చెప్పింది.